చిరిగిన చెవి

పధ్నాలుగో నంబరు ఎలుక పొద్దున పంజరంలో కూర్చుని నీళ్ళు తాగుతోంది. కాసేపటికి అదే పధ్నాలుగో నంబరు ఎలుక కింద ఫ్రీజరులో, చినిగిన పసుపు సంచిలో, బిగుసుకుపోయి దొరికింది. ఒకటే నంబరు, రెండు ఎలుకలు. కిందటివారం మనం మిరేని అక్కడే, ఫ్రీజరు తలుపు పట్టుకుని నిలబడి ఉండగా వదిలిపెట్టాం.

తక్ మిరే జింజు ఊళ్ళో విశ్వవిద్యాలయంలో చేరి ఇంకా ఒక్క సెమిస్టరు కూడా నిండలేదు. మొదటి ఏడాది పిల్లల్ని ప్రయోగశాలల్లోకి ఎవరూ రానివ్వరు. ప్యో ప్రొఫెసరు రానిచ్చాడు. తరగతిలో ఆమె అడిగిన ఒక ప్రశ్న ఆయనకి నచ్చింది. "ఇట్లా అడిగే పిల్ల నాకు కావాలి. రేపట్నుంచి మా ల్యాబుకి వచ్చెయ్" అన్నాడు. ఆ సాయంత్రం మిరే వాళ్ళమ్మకి ఫోన్ చేసి, నవ్వుతూనే ఉండిపోయింది.

ప్యో గారిది సముద్రపు నాచు నుంచి తీసిన మందు. పాడైపోయిన కాలేయాన్ని అది బాగుచేస్తుందని ఆయన చెబుతాడు. మందు పట్టిన ఎలుకలు ఒక్కటీ చావలేదని, పట్టనివి గుంపులుగా చచ్చాయని ఆయన రాసిన వ్యాసాన్ని విదేశాల్లో కూడా మెచ్చుకున్నారు. పధ్నాలుగో నంబరు, మందు పట్టిన ఎలుక.

మిరే దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. పొట్ట ఉబ్బి ఉంది. పొట్ట మీద వెంట్రుకలు ఊడిపోయి లోపలి చర్మం ముదురు పసుపు రంగులో కనిపిస్తోంది. నోరు తెరుచుకుని పళ్ళు బయటికొచ్చాయి. చెవికి మాత్రం రెండు చిల్లులు, కొలిచి కొట్టినట్టు శుభ్రంగా ఉన్నాయి. ఆ ల్యాబులో ఎలుకల నంబరు చెవుల మీదే ఉంటుంది. ఎక్కడ ఎన్ని చిల్లులున్నాయో చూస్తే అది ఏ ఎలుకో తెలిసిపోతుంది. అంత శుభ్రంగా చిల్లు కొట్టే చెయ్యి ఆ ల్యాబులో ఒక్కరిదే. అక్కడే డాక్టరేట్ చేస్తున్న యున్‌సోల్ అక్కది.

ఎలుకని సంచిలో పెట్టేసి, ఫ్రీజరు మూసి, మిరే మెట్లెక్కి జంతువుల గదికి వెళ్ళింది.

ఉచ్చ, తడిసిన రంపపు పొట్టు, నేల తుడిచిన మందు నీళ్ళు, అన్నీ కలిసిన వాసన ఆ గదిది. చేరిన కొత్తలో మిరేకి అన్నం సహించేది కాదు. తర్వాత అలవాటైపోయింది. ఇవాళ మళ్ళీ ఆ వాసన మొదటిరోజులాగే గొంతులోకి ఎక్కింది. పధ్నాలుగో నంబరు పంజరం దించి, తోక పట్టుకుని ఎలుకని పైకెత్తింది. బొద్దుగా, తెల్లగా, హుషారుగా కాళ్ళాడించింది అది. ఎడమ చెవి అంచు దాకా చిరిగి ఉంది.

ఆ చెవి చింపింది తనే.

ఏప్రిల్లో, చెర్రీ పూలు రాలిపోతున్న రోజుల్లో, యున్‌సోల్ అక్క కొన్ని కొత్త ఎలుకలు తెచ్చి తనకి చిల్లు కొట్టడం నేర్పింది. కత్తెరలాంటి ఆ పనిముట్టుని మిరే మొదటిసారి చేత పట్టుకుంది. ఎలుక తల విదిలించింది, చెవి చిరిగింది. మిరే కళ్ళలో నీళ్ళు తిరిగితే, "పర్లేదే, తొలిసారి అందరం చింపుతాం" అని అక్క వీపు తట్టి స్ట్రాబెర్రీ పాలు కొనిచ్చింది. నేర్చుకోడానికే కదా, ఈ నంబర్లే ఎందుకు అని మిరే అడిగింది కూడా. "ఏదో ఒక నంబరు ఉండాలి కదా" అంది అక్క.

మిరే పక్క పంజరం దించింది. వంకర చిల్లు. తనదే. ఆ పక్కది. అంచుకు మరీ దగ్గరగా పడ్డ చిల్లు. తనదే. మందు పట్టిన ఎలుకల వరుస పొడుగునా, అక్క చేతి చిల్లుల మధ్య మధ్యలో, తన తెలివితక్కువ చేతి గుర్తులు బతికి తిరుగుతున్నాయి. చచ్చిన ఎలుకల బదులు ఎలుకల్ని తయారుచేసి ఇచ్చింది తను. మెచ్చుకోలు కోసం, స్ట్రాబెర్రీ పాల కోసం.

చేతి తొడుగులు లాగి పారేసింది. లోపలి చేతులు ఇంకా అసహ్యంగా అనిపించాయి.

"ఏం చేస్తున్నావే ఇక్కడ? ఫ్రీజరులో సంచులు కాల్చెయ్యడానికి కిందికి దించమన్నానుగా."

గుమ్మంలో యున్‌సోల్ నిలబడి ఉంది. ప్యో గారు ల్యాబు వాళ్ళకి ఇస్తున్న మధ్యాహ్నం విందుకి తయారై వచ్చింది. తెల్ల చొక్కా, మెళ్ళో సన్నటి గొలుసు. స్టీలు బీరువాలో తన నీడ చూసుకుంటూ పెదవులకి రంగు వేసుకుంటోంది.

"అక్కా, ఇది నేను చిల్లు కొట్టిన ఎలుక."

"అయితే?"

"పధ్నాలుగో పంజరంలో ఉంది."

"పధ్నాలుగే కదా కొట్టావు. మరెక్కడుంటుంది?"

"అసలు పధ్నాలుగు ఫ్రీజరులో ఉందక్కా."

రంగు వేసుకుంటున్న చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలి కింది పెదవి పూర్తి చేసింది. "సంచి విప్పావా?"

"చినిగిపోయింది."

"తలుపు వెయ్."

మిరే తలుపు వేసింది. అక్క చెబితే చెయ్యడం అలవాటైపోయిన చేతులు అవి. వేశాక తన మీద తనకే రోత పుట్టింది.

"మందు పట్టినవి చచ్చిపోతున్నాయా అక్కా?"

"కొన్ని."

"కొన్నంటే?"

"నేను లెక్కపెట్టలేదు. నువ్వూ పెట్టకు." యున్‌సోల్ రంగు గొట్టానికి మూత పెట్టి సంచిలో వేసుకుంది. "చూడవే. ఏ మందైనా కొన్నిటికి పడదు. పడనివి తీసేసి, పడేవి పెడితేనే దాని గుణం తెలుస్తుంది. సార్ చెప్పేదీ అదే."

"అట్లా తీసేస్తూ పోతే ఎలకలమందు కూడా ఎవర్నీ చంపదక్కా."

యున్‌సోల్ నవ్వింది. దొంగ నవ్వు కాదు. నిజంగా నచ్చి, తల వెనక్కి వాల్చి నవ్వింది. "భలే అన్నావే! సార్‌కి చెప్పాలి ఇది" అంది. కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో, బతిమాలుతుందేమో అనుకుంది మిరే. నవ్వుతుందనుకోలేదు.

"నేనూ నీలాగే అడిగాను, ఒకప్పుడు" అంది యున్‌సోల్, నవ్వు తగ్గాక. "అప్పుడు నాది ఎమ్మెస్సీ. సార్ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, తన చేత్తో కాఫీ కలిపి ఇచ్చాడు. నీకేం కావాలమ్మా అన్నాడు. డాక్టరేట్ సార్ అన్నాను. అయితే కాఫీ తాగు, చల్లారిపోతుంది అన్నాడు."

"తాగారా?"

"తాగాను. బాగుంది కూడా."

ఎలుకలు పంజరాల్లో గోళ్ళతో గీకుతున్నాయి. మిరే అడగాల్సిన ప్రశ్న ఇంకా లోపలే ఉంది. దానికి జవాబు వినాలంటే భయంగా ఉంది.

"నా చేత ఎందుకు కొట్టించారక్కా? మీ చెయ్యి శుభ్రమైంది కదా. మీరే కొడితే ఎవరికీ తెలిసేది కాదు."

యున్‌సోల్ దగ్గరికి వచ్చి మిరే కోటు కాలరు సరిచేసింది. ఆమె చేతుల నుంచి నారింజ వాసన వేసే క్రీము ఘుమఘుమలాడింది. "నీ చెయ్యి కూడా ఉండాలి కదే ఇందులో. దోగ్యు పంజరాలు మారుస్తాడు. నంబర్లు నేను చెబుతాను. చెవులు నువ్వు. అందరం ఉంటే ఎవరం మాట్లాడం. మరి సార్ ఏదీ ముట్టుకోడనుకో." మాటలో ఈర్ష్య లేదు, బాధ లేదు. ఇంట్లో పనులు ఎవరివి ఎవరివో చెప్పినట్టు చెప్పింది. "పద, ఆలస్యమైంది. మాంసం తిప్పేది నువ్వే. చిన్నదానివి కదా."

మిరే చేతులు సబ్బుతో కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. వేళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత, ఎందుకు వెళ్తోందో తనకే తెలియకుండా, అక్క వెనకాలే వెళ్ళింది.

*

కొండ కింద పంది మాంసం కాల్చిపెట్టే హోటలు అది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, లోపల మెత్తల మీద కూర్చోవాలి. వానలు మొదలైన వారం కావడంతో కిటికీలన్నీ మూసేశారు. పొగ బయటికి పోవడం లేదు. గోడలకీ, బల్లలకీ ఏళ్ళ తరబడి పట్టిన కొవ్వు జిడ్డు.

ప్యో గారు బల్ల మొదట కూర్చున్నాడు. మెత్తటి గొంతు, మెత్తటి చేతులు. కోపం వస్తే ఇంకా మెత్తగా మాట్లాడతాడని పేరు. ఆయన పక్కన ఇవాళ్టి అతిథి, డాక్టర్ హ్వాంగ్‌బో. బూసాన్‌లో ఒక పెద్దాసుపత్రిలో కాలేయం జబ్బులు చూస్తుంది. అరవై దగ్గరపడ్డ మనిషి. పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, పనివాళ్ళలాగా చొక్కా చేతులు పైకి మడుచుకుని ఇష్టంగా తింటోంది.

పటకారుతో ముక్కలు తిప్పుతూ, కత్తెరతో కోస్తూ, మిరే ఆయనకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. కొవ్వు చిటపటలాడుతూ పసుపురంగుకి తిరుగుతోంది. ఆ పసుపుని చూడకుండా ఉండాలని ఆమె నిప్పుల్లోకి చూసింది.

"ఏమే చిన్నదానా, మొహం అట్లా పెట్టావు? ఎలుక కరిచిందా?" అన్నాడు దోగ్యు, పక్కనుంచి. ఎమ్మెస్సీ రెండో ఏడాది. నోట్లో ముద్ద ఉండగానే మాట్లాడతాడు. రోజూ అతని జోకులకి మిరే నవ్వేది.

"కరవలేదు అన్నా."

"అయితే నువ్వే కరిచుంటావు!"

బల్లంతా నవ్వింది. యున్‌సోల్ అందరికంటే చక్కగా నవ్వింది.

ప్యో గారు పెరిల్లా ఆకు అరచేతిలో పరుచుకున్నాడు. దానిమీద మాంసం ముక్క, వెల్లుల్లి రెబ్బ, సోయా ముద్ద పెట్టి, వేళ్ళతో మడిచి, బల్ల మీదుగా చెయ్యి చాపాడు. "మన చిన్నది పొద్దుట్నుంచి పనిచేస్తూనే ఉంది. ఇదిగో, ఆ అను."

పెద్దవాళ్ళు ప్రేమగా పెట్టిన ముద్దని కాదనకూడదు. బల్లంతా ఆమెవైపే చూస్తోంది. మిరే నోరు తెరిచింది. ఆయన వేళ్ళు పెదవికి తగిలాయి. జిడ్డుగా, వెచ్చగా ఉన్నాయి. ముద్ద నోటినిండా ఉంది. నమలబోతే దవడలు కదల్లేదు.

"ఈ పిల్లనేనా మీరు మొదటి ఏడాదిలోనే చేర్చుకున్నది?" అంది డాక్టర్ హ్వాంగ్‌బో.

"ఇదే. బంగారు తల్లి. ఏం చెప్పినా చేస్తుంది" అన్నాడు ప్యో గారు.

"మంచిది. మీ అందరికీ ఒక కబురు." డాక్టరు గ్లాసు ఎత్తింది. "మీ మందు వాడి చూడ్డానికి మొదటి పేషెంటు దొరికాడు. రేపు పొద్దున చేరుతున్నాడు. నామ్‌హే దగ్గర వలలు బాగుచేసుకునే మనిషి. కాలేయం సగం పోయింది. వేరే దారి లేదని మీ వ్యాసం చూపించి నేనే ఒప్పించాను. ఒక్క ఎలుక కూడా చావలేదయ్యా అంటే, మనవరాలి పెళ్ళి దాకా ఉంటే చాలు డాక్టరమ్మా అన్నాడు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు."

"అద్భుతం!" అన్నాడు ప్యో గారు. అందరూ గ్లాసులు ఎత్తారు.

ఎలుకల దగ్గరే ఆగిపోయే అబద్ధం అనుకుంది మిరే ఇంతవరకూ. వ్యాసం, డాక్టరేట్, చప్పట్లు, అంతే అనుకుంది. ఇప్పుడు ఆ ఉబ్బిన పొట్ట, ఆ పసుపు చర్మం, మొహం తెలియని ఒక ముసలాయన మీద కనిపించాయి. నోట్లో ఉన్న ముద్ద వాసన ముక్కులోకి ఎక్కింది. చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే కడుపులోంచి తన్నుకొచ్చింది.

ముద్ద ప్యో గారి పళ్ళెం పక్కన పడింది.

"ఛీ!" అన్నాడు దోగ్యు వెనక్కి జరిగి.

"నీళ్ళియ్యండి పిల్లకి" అంది డాక్టరు.

మిరే నీళ్ళు తీసుకోలేదు. మూతి చేత్తో తుడుచుకుంది. "డాక్టరు గారూ, ఆయనకి ఆ మందు పెట్టకండి. మందు పట్టిన ఎలుకలు చచ్చిపోయాయి. పొట్టలు ఉబ్బి చచ్చాయి. వాటి చోట వేరే ఎలుకల్ని పెట్టాం. వాటి చెవులకి నంబర్లు కొట్టింది నేనే. నాకు తెలీక కొట్టాను. ఇవాళే తెలిసింది."

పొయ్యి మీద ముక్కలు మాడుతున్నాయి. తిప్పేవాళ్ళు లేరు.

ప్యో గారి గొంతు ఇంకా మెత్తబడింది. "పరీక్షలు దగ్గరపడ్డాయి కదా. నిద్ర లేక పాపం ఏదేదో మాట్లాడుతోంది. పడుకోమ్మా కాసేపు. దోగ్యూ, నువ్వు చూసుకో." ఒక చెయ్యి బల్ల కింద ఉంది. అందులో ఫోను ఉన్నట్టుంది, మోచెయ్యి సన్నగా కదులుతోంది.

"నిద్రలేని పిల్ల ఎలుక చెవుల సంగతి కల్పిస్తుందా?" డాక్టర్ హ్వాంగ్‌బో ఆయనవైపు చూడలేదు. తిన్నగా యున్‌సోల్‌ని చూసింది. "వ్యాసంలో మీ పేరు కూడా ఉందిగా. మీరు చెప్పండి. ఈ పిల్ల అన్నది నిజమా?"

మిరే అక్క మొహంలోకి చూసింది. వీపు తట్టిన చెయ్యి, ఎలుకల చెవులు చింపే తన చేతిని ఓపిగ్గా పట్టుకుని నేర్పిన చెయ్యి, ఆ చెయ్యి ఇప్పుడు నిమ్మళంగా మూతి తుడుచుకుంది.

"పాపం, చిన్నపిల్ల. చెప్పకూడదనే అనుకున్నాం" అంది యున్‌సోల్. ఆ గొంతులో జాలి కూడా పలికింది. "ఆ ఎలుకలకి మందు ఎక్కువ పట్టేసింది మిరేనే. కొలత తప్పింది. అవి చచ్చిపోయాయి. మొదటి ఏడాది పిల్ల, బతుకు పాడవుతుందని మేమే సర్దేశాం. కొత్త ఎలుకలు పెట్టాం. ఇప్పుడు తప్పు బయటపడుతుందని మా మీదికే తోస్తోంది."

మిరే ఒక్కనాడూ ఎలుకకి మందు పట్టలేదు. మందు పట్టే సూదిని ఎవరూ తనని ముట్టుకోనివ్వలేదు. ఇంత నీచంగా ఉంటుందని ఊహించలేదు. అబద్ధం ఆడినందుకు కాదు, అంత ప్రేమగా ఆడినందుకు ఒళ్ళు జలదరించింది.

డాక్టర్ హ్వాంగ్‌బో చేతిలోని తినే పుల్లలు బల్ల మీద పెట్టింది.

"అంటే, ఎలుకల్ని మార్చిన మాట నిజమేనన్నమాట."

ప్యో గారు యున్‌సోల్ వైపు తిరిగాడు. మిరే ఆ మొహం మునుపెన్నడూ చూడలేదు. మెత్తదనం అంతా ఎక్కడికో పోయింది.

"ఎవరు చంపారో తర్వాత తేల్చుకోవచ్చు" అంది డాక్టరు. "ఒక్కటీ చావలేదని రాశారు. ఆ మాట పట్టుకుని నేనొక మనిషికి భరోసా ఇచ్చాను."

"డాక్టరు గారూ, ఇది మా ఇంట్లో మాట. మనం కూర్చుని మాట్లాడుకుంటే..."

"మీ ఇంట్లో మాట కాదు ప్రొఫెసరు గారూ. రేపు నా వార్డులో పడుకునేవాడి మాట." ఆమె బల్ల మీద చెయ్యి ఆనించి లేచింది. "ఏమ్మా, ఆ చచ్చిన ఎలుకలు ఉన్నాయా, పారేశారా?"

"ఉన్నాయి. ఫ్రీజరులో. కాల్చెయ్యడానికి నేను దించాల్సిన సంచులవి, దించలేదు."

"పద, చూపించు."

మిరే లేచింది. తిమ్మిరెక్కిన కాళ్ళతో గుమ్మం దాకా వెళ్ళి చెప్పుల కోసం వంగింది. అతిథివి నల్ల బూట్లు, అక్కవి మడమ చెప్పులు, సారువి మెరిసే బూట్లు. వాటి మధ్య ఒక జత జాగా ఖాళీగా ఉంది.

వెనక్కి తిరిగి చూసింది. దోగ్యు మెత్త మీద దోగ్యు లేడు. అతని గ్లాసు సగం నిండుగా అలాగే ఉంది. బల్ల మొదట ప్యో గారు, ఫోను ఇప్పుడు దాచకుండా పైకి పెట్టుకుని, నిదానంగా ఒక ఆకు తీసుకుని అరచేతిలో పరుచుకుంటున్నాడు.

బయట స్కూటరు మోత వినిపించింది. మిరే తలుపు తోసింది. వానలో, కొండ రోడ్డు మలుపు దగ్గర, ఎర్ర దీపం ఒకటి ల్యాబు వైపు ఎక్కిపోతోంది.

ఆమె చెప్పుల కోసం ఆగలేదు.